చూపులో పట్టేంత వరస

నంద్యాలలో మా ఆఫీసు అంటే ఇనుప సామాన్ల కొట్టు మీద ఉన్న ఒక్క గది. కొట్టు నా స్నేహితురాలి వాళ్లది. కింద వాళ్ల నాయన మేకులు, తాళాలు, నీళ్ల పైపులు అమ్మేవారు. పైన మేమిద్దరం వెబ్‌సైట్లు చేసేవాళ్లం. ఇంజనీరింగు కలిసి చదువుకున్నాం. మా తరగతిలో చాలామంది హైదరాబాదుకో బెంగుళూరుకో వెళ్లిపోయారు. ఆమెని ఇంట్లోవాళ్లు పంపలేదు. నన్ను మా ఇంట్లో పొమ్మనే అన్నారు, నేనే పోలేదు. కొత్త ఊళ్లో పొద్దు గూకాక రోడ్డు దాటడం నా వల్ల కాదని నాకు తెలుసు. ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నంద్యాల జిల్లా కేంద్రం అయ్యాక మాకు పని పెరిగింది. విత్తనాల కొట్లు, ఫంక్షన్ హాళ్లు, ప్రైవేటు బడులు, బనగానపల్లెలో మామిడికాయల మండీ, ఎవరు అడిగినా చేసి ఇచ్చేవాళ్లం. అన్నిటికీ బూట్‌స్ట్రాపే వాడేవాళ్లం. తెలియనివాళ్లకి చెప్పాలంటే, వెబ్‌పేజీలో రంగులూ, ఖాళీలూ, అక్షరాల సైజులూ ఎలా ఉండాలో సీఎస్ఎస్ అనే భాషలో రాయాలి. ప్రతి పేజీకీ మొదటి నుంచీ రాసుకుంటూ కూర్చోకుండా, ఎవరో ముందే రాసిపెట్టిన దాన్ని తెచ్చుకుని వాడుకుంటాం. దాన్నే ఫ్రేమ్‌వర్క్ అంటారు. బూట్‌స్ట్రాప్‌లో బటన్ కావాలంటే ఒకటి రెండు చిన్న పేర్లు రాస్తే చాలు, బటన్ వచ్చేస్తుంది. కాలేజీ రోజుల నుంచీ నా వేళ్లకి ఆ పేర్లన్నీ వచ్చు.

ఒక రోజు పొద్దున తను మెట్లెక్కి వస్తూనే అంది.

"ఒసేయ్, బెంగుళూరు నుంచి పని వస్తాంది. పెద్ద కంపెనీ. నెల నెలా పేజీలు ఇస్తారంట. కానీ టెయిల్‌విండ్‌లోనే చెయ్యల్లంట."

టెయిల్‌విండ్ ఇంకో ఫ్రేమ్‌వర్క్. దాంట్లో బటన్ అనే పేరు ఉండదు. పక్కల ఖాళీకి ఒక పేరు, పైనా కిందా ఖాళీకి ఒక పేరు, రంగుకి ఒకటి, మూలలు వంపు తిరగడానికి ఒకటి, మౌస్ మీదకి వస్తే రంగు మారడానికి ఇంకొకటి. అన్నీ పక్కపక్కనే, ఒకే వరసలో రాసుకుంటూ పోవాలి. మనక్కావలసిన రూపం తెచ్చుకోవచ్చు, ఒక సైటు ఇంకో సైటులా ఉండదు. తను అప్పటికే నేర్చుకుంటోంది. ఆమెకి అది బాగా నచ్చింది. మా సైట్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయని, బడి సైటుకీ ఫంక్షన్ హాలు సైటుకీ పేరు తప్ప తేడా లేదని ఎన్నాళ్ల నుంచో అంటోంది. ఆ మాట నిజమే.

నేను వద్దన్నాను. పేజీ అంతా పేర్లతో గజిబిజిగా ఉంటుందన్నాను. రేపు ఎవరైనా మార్చాలంటే కష్టమన్నాను. నేను చెప్పిన ప్రతిదానికీ ఆమె దగ్గర సమాధానం ఉంది. చివరికి చెప్పడానికి ఏమీ మిగలక, "నాకు ఇష్టం లేదంతే" అన్నాను.

"ఇష్టం ఏందే? పనికి ఇష్టమేంది?" అని తను కోపంగా కుర్చీ జరుపుకుని కూర్చుంది. ఆ రోజంతా మేము మాట్లాడుకోలేదు.

అసలు సంగతి వేరు. నా చూపు సన్నబడుతోంది. చిన్నప్పుడు ఆళ్లగడ్డలో సందెవేళ ఆడుకుంటున్న పిల్లల్లో నేనొక్కదాన్నే ముందుగా ఇంటికి వచ్చేసేదాన్ని. అందరూ బుద్ధిమంతురాలు అనుకునేవారు. రేచీకటి అని నాకూ అమ్మకీ తప్ప తెలియదు. పెద్దయ్యేకొద్దీ పక్కల నుంచి చూపు మూసుకుంటూ వచ్చింది. ఎదురుగా ఉన్నది కనపడుతుంది. దాని పక్కన ఉన్నది కనపడదు. బస్టాండులో ఆగి ఉన్న మోటారు సైకిల్ హ్యాండిల్ కడుపులో గుచ్చుకుంటే తప్ప అక్కడ ఒకటి ఉందని తెలిసేది కాదు. ఎవరైనా పక్కనుంచి చెయ్యెత్తి నమస్కారం పెడితే చూడకుండా వెళ్లిపోయేదాన్ని. గర్వం అని ఊళ్లో పేరు కూడా వచ్చింది.

కంప్యూటర్ తెర మీద నాకు కనపడేది అరచెయ్యి అంత మేర. బూట్‌స్ట్రాప్ పేర్లు పొట్టివి కాబట్టి ఆ అరచేతిలో సరిపోయేవి. టెయిల్‌విండ్ వరస ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంటుంది. చివర చదివేసరికి మొదలు పోతుంది. వెనక్కి వస్తే ఏ వరసలో ఉన్నానో తెలియదు. నంద్యాలలో నేనుండే అద్దెగదిలో ఒక్కదాన్నే ప్రయత్నించి చూశాను. ఒక చిన్న మెనూ చేయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. తల పగిలిపోయేంత నొప్పి వచ్చింది. ఈ మాట తనతో చెప్పాలంటే మిగతావి కూడా చెప్పాలి.

చెప్పాల్సిన పని లేకుండానే బయటపడింది. మా మధ్య మాటలు మళ్లీ మొదలైన కొద్ది రోజులకి, ఆమె నాకు టీ గ్లాసు అందిస్తూ పక్కన నిలబడింది. నాకు కనపడలేదు. కాగితం తీసుకుందామని చెయ్యి విసురుగా తిప్పాను. వేడి టీ అంతా ఆమె చేతి మీద పడింది. తను అరవలేదు. చెయ్యి కుళాయి కింద పెట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. తర్వాత లేచి నా కుడిపక్కకి వెళ్లింది.

"ఇప్పుడు నా చెయ్యి యాడుంది?" అంది.

నేను తెర వైపే చూస్తూ కూర్చున్నాను.

"ఎన్ని వేళ్లు చూపిస్తాండా? చెప్పవే."

"కనపడ్డంలే" అన్నాను.

ఆ వారమే నన్ను బస్సెక్కించి కర్నూలులో కంటి ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ ఒక పరీక్ష చేశారు. తెల్లటి పెద్ద గిన్నె లాంటి దాంట్లో ముఖం పెట్టి, మధ్యలో ఉన్న చుక్కనే చూస్తుండాలి. చుట్టూ ఎక్కడైనా వెలుతురు మెరిస్తే చేతిలో ఉన్న మీట నొక్కాలి. నేను మీట పట్టుకుని కూర్చున్నాను. చాలాసేపు ఏమీ మెరవలేదు. యంత్రం ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకున్నాను.

"మొదలుపెట్టలేదా మేడమ్?" అని అడిగాను.

"అవుతోందమ్మా. సగం అయిపోయింది" అంది ఆ పరీక్ష చేస్తున్నామె, మెల్లగా.

డాక్టరు కాగితం చూసి మొదట అడిగింది మా అమ్మానాన్నల పెళ్లి గురించి. మేనరికమా అన్నాడు. అమ్మకి నాయన సొంత మేనమామ అని చెప్పాను. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అన్నాడు. నాయనకి ఉంది, ఇప్పుడు ఆయనకి వెలుతురూ చీకటీ తప్ప ఏమీ తెలియదు అన్నాను. డాక్టరు తల ఊపాడు. పక్కల చూపు దాదాపు పోయిందని, మధ్యలో కూడా వాపు మొదలైందని, చుక్కల మందు వేసుకుంటే వాపు కొంత తగ్గవచ్చని చెప్పాడు.

"ఆపరేషనేమన్నా చెయ్యొచ్చా సార్?" అని నా స్నేహితురాలు అడిగింది.

"దీనికి లేదమ్మా" అన్నాడు. "పోయిన చూపు తిరిగి రాదు."

తిరుగు బస్సులో ఆమె ముక్కు ఎగబీల్చుకోవడం వినపడుతోంది గానీ, నా పక్కనే కూర్చున్న మనిషి ముఖం చూడాలంటే తల మొత్తం తిప్పాలి. తిప్పలేదు.

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?" అంది చివరికి.

"ముందునుంచీ తెలుసులే."

"నాతో ఎందుకు చెప్పలా?"

"చెప్తే ఏం చేస్తాంటివి?"

నంద్యాల వచ్చాక బస్సు మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుంది. అంతకు ముందు ఎప్పుడూ అలా పట్టుకోలేదు. నాకు నచ్చలేదు, అయినా వదిలించుకోలేదు.

మరుసటి రోజు పొద్దున నేను వెళ్లేసరికి తను నిర్ణయం చేసుకుని కూర్చుంది.

"బెంగుళూరోళ్లకు వద్దని చెప్తాండా. మనకుండే పని మనం చేసుకుందాం. పాతదాంట్లోనే."

"నాకోసం చెప్పొద్దు."

"నీకోసం కాదు."

"మరెందుకు? నిన్నటిదాకా కావల్లంటివి గదా."

తను మాట మార్చబోయింది. నేను ఆపాను. ఆ రోజు నేను మాట్లాడినంత గట్టిగా జీవితంలో ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఇది చూడు. ఇంకొంచెం కాలం పోతే నాకు పాతదీ కనపడదు, కొత్తదీ కనపడదు. నాకు కనపడేదాంట్లోనే నువ్వు గూడా కూచుంటే, రేపు నేను లేనప్పుడు నువ్వేం చేస్తావు? ఈ ఊర్లో బూట్‌స్ట్రాప్‌తో ఎన్నాళ్లు నెట్టుకొస్తావు? తీసుకో ఆ పని."

"నువ్వు లేనప్పుడు అంటాండావేందే? యాడికి పోతావు?"

"యాడికీ పోను. ఈడనే ఉంటా. అయినా తీసుకో."

కింద వాళ్ల నాయన ఎవరికో పైపు కోసి ఇస్తున్నారు. రంపం చప్పుడు చాలాసేపు వచ్చింది. అది ఆగాక తను సరేనంది. మేము ఫ్రేమ్‌వర్క్ ఎంచుకున్నది అలా. ఏది త్వరగా లోడవుతుంది, ఏది తేలిక అని బయట అందరూ వాదించుకునే విషయాలేవీ మా మధ్య రాలేదు.

మొదట్లో బాగానే సాగింది. తను నా కంప్యూటర్‌లో ఒక ఏర్పాటు చేసింది. ఒకే వరసలో ఉండాల్సిన పేర్లన్నీ ఒకదాని కింద ఒకటిగా, నిలువుగా విడిపోయేలా. అక్షరాలు పెద్దవి చేసింది. నల్లటి వెనకరంగు మీద పసుపు అక్షరాలు పెట్టింది. ఒక్కో పేరూ నా అరచేతిలోకి వచ్చి వెళ్లేది. నేను నిదానంగా చేసేదాన్ని గానీ తప్పులు చేసేదాన్ని కాదు. ఒక పేజీ పూర్తయినప్పుడు తను నా వెనక నిలబడి, "అబ్బ, ఎంత బాగా వచ్చిందే!" అంది. బడి సైట్ల కంటే నిజంగానే బాగుంది. ఆ కొన్ని వారాలూ నేను సంతోషంగానే ఉన్నాను. దాన్ని ఇప్పుడు కాదనలేను.

తర్వాత బెంగుళూరు వాళ్ల దగ్గర్నుంచి ఒక కబురు వచ్చింది. కోడ్ అంతా ఒకే పద్ధతిలో ఉండాలని, వాళ్లు ఒక సర్దే ప్రోగ్రాం పెట్టారు. మేము పంపినది వాళ్ల దగ్గరికి చేరగానే, నిలువుగా ఉన్న పేర్లన్నిటినీ ఆ ప్రోగ్రాం మళ్లీ ఒకే అడ్డవరసలోకి చేర్చేసేది. పైగా వాటి క్రమం కూడా మార్చేది. మరుసటి రోజు మార్పులు చేయమని ఆ పేజీ తిరిగి వస్తే, నేను రాసినది నేనే గుర్తుపట్టలేకపోయేదాన్ని. తను వాళ్లకి ఫోన్ చేసి అడిగింది. ఒక్కరి కోసం పద్ధతి మార్చలేమన్నారు. మర్యాదగానే అన్నారు. ఎందుకని అడిగితే మాత్రం తను నా సంగతి చెప్పలేదు. చెప్పొద్దని నేనే ముందే అన్నాను.

వీడియో కాల్‌లో వాళ్ల టీమ్ లీడ్ ఒకసారి, ఈ పేజీ చేసేవాళ్లు మరీ నెమ్మదిగా ఉన్నారే అన్నాడు. "నెట్ సరిగా లేదు సార్" అని తను అబద్ధం చెప్పింది. నేను పక్కనే ఉన్నాను.

వాపు తగ్గలేదు. చుక్కలు వేసుకుంటూనే ఉన్నా, మధ్యలో ఉన్న ఆ అరచెయ్యి కూడా మసక పట్టింది. తిన్నగా ఉండాల్సిన గీతలు వంకరగా కనపడేవి. నేను పేజీలో పెట్టిన గీత వంకరో, నా కన్ను వంకరో తెలిసేది కాదు. పక్కల ఖాళీ సరిగా ఉందా అని ఆమెని అడిగేదాన్ని. ప్రతిసారీ ఉందనేది.

ఒక రోజు పొద్దున ముందుగా వెళ్లి, అంతకు ముందు రోజు నేను చేసిన పేజీ తెరిచాను. ఒక చోట నేను ఒక పేరు రాయడం మరిచిపోయానని గదికి వెళ్లాక గుర్తుకు వచ్చింది, సరిచేద్దామని వచ్చాను. వెతికితే ఆ పేరు ఉంది. దాని పక్కన నేను రాయనివి కూడా ఉన్నాయి. కిందికి పోయి చూశాను. ఒక్కో ముక్కా దగ్గరికి పెట్టుకుని చదువుకుంటూ పోయాను. అందులో నాది దాదాపు ఏమీ లేదు.

తను వచ్చాక అడిగాను.

"నా పేజీలు నువ్వు చేస్తాండావా?"

"నువ్వు చేసినవే. నేను కొంచెం సర్దినా, అంతే."

"సర్దినావా, మళ్లీ చేసినావా?"

చేతిసంచి బల్ల మీద పెట్టిన చప్పుడు వచ్చింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"వదిలెయ్యవే. నీ పనీ నా పనీ ఏంది మనకు?"

తన పని పగలు, నా పని ఇంటికి వెళ్లాక, ఆమె రెండూ చేస్తోంది. నేను రోజంతా కూర్చుని చేసినదాన్ని పక్కకి తోసి, మొదటి నుంచీ చేసి, నా పేరుతో పంపుతోంది. నాకు కృతజ్ఞత కలగాలి. కలగలేదు. ఒళ్లంతా మంటగా అనిపించింది. చార్జర్ చుట్టుకుని సంచిలో పెట్టుకున్నాను. ఆమె మెట్ల దాకా వచ్చింది. కింద వాళ్ల నాయన, "ఏమ్మా, అప్పుడే పోతాండావే?" అన్నారు. తలనొప్పి అని చెప్పి ఆటో ఎక్కి బస్టాండుకి, అక్కణ్నుంచి ఆళ్లగడ్డకి వచ్చేశాను.

మా ఇల్లు రోడ్డు పక్కనే, ముందు వైపు షెడ్డు. మాది శిల్పుల కుటుంబం. ఒకప్పుడు నాయన చెక్కిన విగ్రహాలు చాలా ఊళ్ల గుళ్లకి వెళ్లాయి. కళ్లు పోయాక ఉలి వదిలేశాడు. ఇప్పుడు షెడ్డు మా చిన్నాయనది. నాయన ఒక మూల గోనెపట్ట మీద కూర్చుని, పీఠాలని నీళ్లు పోసి రాతితో రుద్ది నున్నగా చేస్తాడు. అది చూపు అక్కర్లేని పని. ఆ పని ఆయనకి ఇష్టం లేదు. ఇష్టం లేదని ఎప్పుడూ అనడు గానీ, చెక్కుడు పని గురించి ఎవరైనా మాట్లాడితే లేచి లోపలికి వెళ్లిపోతాడు.

నా అడుగుల చప్పుడు విని ఆయన చెయ్యి ఆపాడు.

"ఏమ్మా, పనిదినం వచ్చినావు?"

"కండ్లు సాలడం లేదు నాయనా."

ఆయన తడిచెయ్యి పంచెకి తుడుచుకున్నాడు. "నీకూ వచ్చెనా" అన్నాడు. ప్రశ్నలా అనలేదు.

అమ్మ లోపల్నుంచి వచ్చి విషయం విని నెత్తి కొట్టుకుని ఏడ్చింది. చిన్నప్పుడు రేచీకటి సంగతి తెలిసినా, అది అక్కడితో ఆగిపోతుందని అమ్మ నమ్మింది. కనీసం నమ్మాలనుకుంది. నేను ఆడపిల్లని కదా, నాయనకి వచ్చింది నాకు రాదని ఎవరో చెప్పారట.

"మా యక్క పట్టు పట్టె" అన్నాడు నాయన, ఎవరితోనో చెప్పినట్టు. "పిల్లను బయటికియ్యను, నీకే ఇస్తా అనె. నేను వద్దంటి. వినకపాయె."

ఆ అక్క కూతురే మా అమ్మ. ఆమె ఎదురుగానే నిలబడి ఉంది. ఇన్నేళ్ల కాపురం తర్వాత, నిన్ను నేను వద్దన్నాను అని ఆయన అంటుంటే వింటోంది. అమ్మ ఏడుపు ఆపేసింది. కొంగుతో ముఖం తుడుచుకుని, "అన్నం పెడ్తా రా" అని నాతో అంది. ఆయన్ని పిలవలేదు. చాలాసేపటికి షెడ్డులోంచి రాతి రుద్దుడు మళ్లీ వినపడింది.

నేను ఫోన్లు ఎత్తకపోయినా నా స్నేహితురాలు వదల్లేదు. ఒక ఆదివారం బస్సెక్కి వచ్చేసింది. కోపంగా ఏమీ మాట్లాడలేదు. నా కంప్యూటర్‌లో తెరని చదివి వినిపించే ప్రోగ్రాం ఎక్కించింది. మౌస్ ముట్టుకోకుండా కీబోర్డు మీటలతోనే ఎలా తిరగాలో నేర్పింది. దానికోసం ముందు తనే ఇంట్లో కళ్లు మూసుకుని నేర్చుకుందట.

ఆ గొంతు మొదట భరించలేకపోయాను. ఎవరో ముక్కుతో గబగబా చదువుతున్నట్టు ఉండేది. మెల్లగా అలవాటైంది. ఒక మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని, బెంగుళూరు వాళ్లకి మేము చేసిన పేజీలని దానితో చదివించాం. అందులో ఒకటి నేను చాలా కష్టపడి చేసినది. మూడు గీతల బొమ్మ నొక్కితే కిందికి జారే మెనూ. నిలువు పేర్ల రోజుల్లో, సొంత చేతులతో చేసింది. ఆ గొంతు పైన శీర్షిక చదివింది. కింద పేరా చదివింది. మధ్యలో మెనూ దగ్గర ఏమీ అనలేదు. వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చాను. మళ్లీ దాటేసింది.

"ఏందే, చెడిపోయిందా?" అన్నాను.

తను కోడ్ తెరిచి చూసింది. బటన్‌లా కనపడటానికి కావలసిన పేర్లన్నీ అందులో ఉన్నాయి. రంగు ఉంది, వంపు ఉంది, నీడ కూడా ఉంది. కానీ అది బటన్ కాదు. ఉత్త డబ్బా. అది బటన్ అని చెప్పే ఒక్క మాట మేము రాయలేదు. కంటికి అది బటనే. చెవికి అది లేనే లేదు. పాత బూట్‌స్ట్రాప్ సైట్లు కూడా చదివించాం. అక్కడా అలాంటివే బయటపడ్డాయి. ఏ ఫ్రేమ్‌వర్క్ అని మేమిద్దరం ఒక రోజంతా మాటలు మానేశాం. ఏది తీసుకున్నా ఇప్పుడు నా దగ్గరికి వచ్చే సరికి ఆ తేడా లేదు.

"దీన్ని సరి చేయిస్తా. వాళ్లతో మాట్లాడ్తా" అంది తను.

మాట్లాడింది కూడా. ఇప్పుడు కాదు, తర్వాత చూద్దాం అన్నారట.

ఆ తర్వాత ఆమె వచ్చింది ఎండాకాలంలో. షెడ్డులో రాయి కోసే మిషన్ నడుస్తోంది, గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. బెంగుళూరు కంపెనీ వాళ్లు ఆమెని సొంతంగా ఉద్యోగంలోకి తీసుకున్నారు. నంద్యాలలో ఇంటి నుంచే పని. పైగది ఖాళీ చేసేశారు, వాళ్ల నాయన అందులో పైపులు పెట్టుకున్నారు. ఇవన్నీ ఒక్కొక్కటిగా, నా చెయ్యి తాకుతూ తాకుతూ చెప్పింది.

"మంచిదే గదా" అన్నాను. "నేను చెప్పలా? తీసుకో అని చెప్పలా?"

"చెప్పినావులే."

"మరి ఏడుస్తావెందుకే?"

"ఏడవడంలే. దుమ్ము" అంది. షెడ్డులో రాతిపొడి ఎప్పుడూ ఉంటుంది, అందుకని నమ్మినట్టు ఊరుకున్నాను.

ఆమె ఇప్పటికీ ఫోన్ చేస్తుంది, మునుపటంత తరచుగా కాదు. పనులుంటాయి. మాట్లాడుకోవడానికి పాత సంగతులే మిగులుతున్నాయి. కొత్తగా ఏ ఫ్రేమ్‌వర్క్ వచ్చిందో, ఏ రంగులు ఇప్పుడు నడుస్తున్నాయో చెబుతుంది. విని ఊ కొడతాను.

ఈ మధ్య మా చిన్నాయన షెడ్డుకి ఒక సైటు కావాలన్నాడు. చేస్తానన్నాను. ఈసారి ఏ ఫ్రేమ్‌వర్కూ తీసుకోలేదు. శీర్షికని శీర్షిక అని, బటన్‌ని బటన్ అని రాసుకుంటూ పోతున్నాను. బొమ్మల కింద అవి ఏమిటో మాటల్లో రాస్తున్నాను. నాయనని పిలిచి, ఈ నరసింహస్వామి చేతులెట్లా ఉన్నాయి, ఈ ద్వారపాలకుడు ఏం పట్టుకున్నాడు అని అడిగితే మొదట కసిరాడు. రెండోసారి విగ్రహం తడిమి చెప్పాడు, ముక్తసరిగా. చెప్పి వెంటనే వెళ్లిపోయాడు. ఆ మాటలు రాసి పెట్టాను. రంగులూ ఖాళీలూ మాత్రం పాత జ్ఞాపకం మీద పెడుతున్నాను. అవి ఎలా ఉన్నాయో నాకు చెప్పేవాళ్లు లేరు. అమ్మని అడిగితే ప్రతిదానికీ బాగుంది అంటుంది. ఖాళీ పేజీ చూపించినా బాగుంది అంది.

తెర వెలుగు నాకు ఇప్పుడు దేనికీ పనికిరాదు. పైగా కంట్లో గుచ్చుకుంటుంది. అందుకని దాన్ని పూర్తిగా ఆపేసుకుని పని చేస్తాను. చెవిలో గొంతు ఉంటే చాలు. మొన్న పొద్దున అమ్మ మజ్జిగ తెచ్చి నా పక్కన నిలబడింది. ఎంతసేపు నిలబడిందో తెలియదు. నేను రాసుకుంటూనే ఉన్నాను.

"ఒమ్మా, ఆరిపోయింది అది" అంది భయంగా. "నల్లగుంది. ఏం లేదు దాంట్లో."

"ఉందిలేమ్మా" అన్నాను.

నమ్మలేదు. గ్లాసు కింద పెట్టి, కరెంటు ఉందో లేదో చూడటానికి లైటు స్విచ్చి దగ్గరికి పోయింది.